చేదబావి ఉన్న ఇల్లు

ఆదివారం వస్తే శ్రీకళకు ఇంట్లో కాలు నిలవదు. మిగతా రోజుల్లో ఆమె దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్‌లో, సర్కారు కొలువుల కోసం చదివే పిల్లలకు భూగోళం చెబుతుంది. ఏ జిల్లాలో ఏ నేల, ఎక్కడ ఎంత వాన, ఏ వాగు ఏ నదిలో కలుస్తుంది అని మైకు పట్టుకుని చెప్పీ చెప్పీ సాయంత్రానికి గొంతు బొంగురుపోతుంది. సెలవు రోజున పడుకుని లేవొచ్చు కదా, లేదు. పొద్దున్నే సంచిలో నీళ్ల సీసా వేసుకుని ఎల్‌బీ నగర్ చౌరస్తాకు వెళ్లి, విజయవాడ రోడ్డు మీద పోయే ఏదో ఒక పల్లె బస్సు ఎక్కేస్తుంది. బతకడానికి ఒక చోటు వెతుక్కోవడం ఆమె పని. ఎవరి మీదా ఆధారపడకుండా, తిండీ నీళ్లూ తన గడపలోనే దొరికే చోటు.

ఒక మండలంలో నేల బంగారంలా ఉంది గానీ బోర్లన్నీ ఎండిపోయాయి. ఇంకో చోట చెరువు నిండుగా ఉంది. దాని చుట్టూ అప్పటికే రంగు వేసిన హద్దురాళ్లు పాతి ప్లాట్ల వెంచర్లు వేసేశారు. మరో ఊళ్లో నేలా నీళ్లూ రెండూ బాగానే ఉన్నాయి గానీ, ఆ ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి కిరాణా కొట్టు ముందు కూర్చున్న పెద్దవాళ్ల మోకాళ్లు వంకర తిరిగి ఉన్నాయి. శ్రీకళ ప్రతి ఊళ్లో బస్సు దిగి, బావుల్లోకి తొంగిచూసి, గొర్లు కాసేవాళ్లను ఆపి అడిగి, పొద్దుగూకే వేళకు దుమ్ము కొట్టుకుని ఇంటికొచ్చేది. కాళ్లు కడుక్కోకముందే ఫోన్‌లో మ్యాపు తెరిచి, పక్క మండలం మీద వేలు పెట్టేది.

ఈ తిరుగుడు 2020 అక్టోబరు వానల తర్వాత మొదలైంది. అప్పట్లో వాళ్లు సరూర్‌నగర్ చెరువుకు దిగువన ఉన్న కాలనీలో, కింది పోర్షన్‌లో కిరాయికి ఉండేవాళ్లు. చెరువు పొంగి గేటు దాటి, మంచం కోళ్లు మునిగేదాకా వచ్చింది. ఆమె భర్త మహేందర్ తన తల్లి అండాలమ్మను వీపు మీద వేసుకుని మెట్లెక్కాడు. పైన ఉండే ప్రసన్నకుమార్, అమల దంపతులు గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు. తలుపు బార్లా తీసి ముగ్గురినీ లోపలికి పిలిచారు. కరెంటు లేదు, నల్లా లేదు, పాలబండి రాదు. ఉన్న నీళ్ల క్యాన్ రోజురోజుకూ తేలికైపోతోంది. అండాలమ్మకు మాత్రలు వేయాల్సిన వేళ శ్రీకళ గ్లాసు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడేది.

"తీసుకోండి శ్రీకళ గారూ, మొహమాటమేంటి? లోపల ఇంకో క్యాన్ ఉందిలెండి," అనేది అమల.

లోపల ఇంకో క్యాన్ లేదని శ్రీకళకు తెలుసు. తెలిసీ గ్లాసు చాపింది. పడవ వచ్చేదాకా చాపుతూనే ఉంది. అమల ఒక్కసారైనా ముఖం చిట్లించి ఉంటే శ్రీకళ మనసు కొంత తేలికపడేదేమో. ఆమె చిట్లించలేదు. ఆ తర్వాత గడ్డిఅన్నారంలో మూడో అంతస్తు ఫ్లాటుకు మారారు. వాన పడితే భయపడాల్సిన పని లేదు. అయినా మబ్బు పట్టిన ప్రతిసారీ శ్రీకళ లేచి బిందెలన్నీ నింపేది, నింపినవాటినే మళ్లీ మళ్లీ చూసుకునేది. ఇంకెప్పుడూ ఎవరి గుమ్మంలోనూ అలా నిలబడకూడదని ఆమె గట్టిగా అనుకుంది.

మహేందర్‌ది బత్తాయిల కమీషన్ వ్యాపారం. గడ్డిఅన్నారంలో మార్కెట్ ఉన్నన్నాళ్లూ ఇంటి నుంచి నడిచిపోయేవాడు. మార్కెట్ బాటసింగారం తరలిపోయాక తెల్లారకముందే ట్రాలీ బండి వేసుకుని హైవే ఎక్కాల్సి వస్తోంది. నల్గొండ పల్లెలో పుట్టి పెరిగినవాడు. పల్లెకు పోదామని భార్య అన్నప్పుడల్లా అతనికి చిర్రెత్తుకొచ్చేది.

"మా ఊర్ల మేం ఏదీ కొనకపోతుంటిమి," అన్నాడు ఒక రోజు అన్నం ముందు కూర్చుని. "జొన్నలు మావే, కందిపప్పు మాదే. కాళ్లకు చెప్పులు లేకుండె. కొననీకి ఏం లేక కొనలే. గదే నువ్విప్పుడు గొప్పగ చెప్తున్నవ్."

"నేను చెప్తున్నది గది కాదు. ఎవల్నీ అడగకుండ బతుకుడు గురించి చెప్తున్న."

"అడిగితే ఏమైతది? నేను పొద్దుగాల లేస్తే అడుగుడే గద. రైతును అడుగుత, లారీ డ్రైవర్‌ను అడుగుత, హమాలీని అడుగుత. అడగకపోతే నా దుకాణం నడుస్తదా?"

శ్రీకళ కంచం ముందే ఫోన్ తీసి, ఆ పొద్దున చూసొచ్చిన చెరువును వేళ్లతో పెద్దది చేసి చూడసాగింది. మహేందర్ ఆ ఫోన్ వైపు, ఆమె ముఖం వైపు చూశాడు. కొన్నాళ్లకు తనే ఒక మాట తెచ్చాడు. అంతయ్య అని, ఎప్పటి నుంచో తనకు బత్తాయిలు తోలే ముసలి రైతు ఉన్నాడు. మోకాళ్ల నొప్పులతో బిడ్డ దగ్గరికి, వనస్థలిపురం వచ్చేశాడు. ఊళ్లో ఇల్లూ, ఇంటెనక చెలకా ఖాళీగా ఉన్నాయి. అమ్మే ఆలోచనలో ఉన్నాడు.

"అమ్ముడు కొనుడు తర్వాత," అన్నాడు మహేందర్. "నీకు ఎండకాలం సెలవులున్నయి గద. పోయి ఉండు. ఉండి చూస్తే నీ పిచ్చి కుదురుతది."

చౌటుప్పల్ దాటాక హైవే దిగి, గుట్టల మధ్య నుంచి పోతే ఎర్రగుంటపల్లి వస్తుంది. అంతయ్య ఇల్లు ఊరికి ఈ చివర. పెంకుటిల్లు, చుట్టూ గోడ, ఇనుప గేటు, వాకిట్లో వేపచెట్టు. దాని పక్కన రాతి ఒరతో కట్టిన చేదబావి. గిరక తుప్పు పట్టింది గానీ తిరుగుతోంది. నడి ఏప్రిల్‌లో కూడా అడుగున నీళ్లు తళతళమంటున్నాయి. శ్రీకళ బొక్కెన వేసి తోడి, దోసిట్లో పట్టుకుని తాగింది. తియ్యగా ఉన్నాయి. చెలకలో మట్టి తీసి నలిపింది. ఎర్ర నేల, కొంచెం ఇసుక, కూరగాయలకు బాగుంటుంది. గుట్ట మీద కట్టెలు దొరుకుతాయి. హైవే దగ్గర్లోనే ఉంది, అయినా ఇంట్లోకి దాని రొద వినిపించదు. ఇన్నేళ్లలో మొదటిసారి ఒక చోటును చూసి ఆమెకు పక్క మండలం గుర్తుకు రాలేదు.

సెలవులు ఇచ్చిన మర్నాడే సామాను సర్దింది. అండాలమ్మ తానూ వస్తానంది.

"అత్తమ్మా, నీకు ఆడ టీవీ ఉండది, లిఫ్ట్ ఉండది."

"నువ్వొక్కదానివే ఉంటే ఊరోళ్లు ఏమనుకుంటరు బిడ్డా? నెల రోజులే గద. ఒస్త." మళ్లీ తనే, "గా కట్టెల పొయ్యి మాత్రం నాకు చెప్పకు. ముప్పై ఏండ్లు ఊదిన. ఇగ ఊద," అంది.

మొదటి వారం శ్రీకళ కుదురుగా ఒక్క చోట కూర్చోలేదు. చెలక తవ్వింది, పాదులు చేసింది, టమాట నారు, బెండ, గోంగూర, సొర పెట్టింది. బావి నుంచి బొక్కెనలు మోసింది. అరచేతులు బొబ్బలెక్కాయి. ఆ బొబ్బలు చూసుకుంటే ఆమెకు ముచ్చటేసేది. వారం తిరిగేసరికి కోతులొచ్చాయి. గుంపుగా గోడ మీద నుంచి దిగి, టమాట మొక్కలను వేళ్లతో సహా పీకి, తినకుండా పారేసి పోయాయి. మర్నాటి నుంచి అండాలమ్మ కర్ర పట్టుకుని అరుగు మీద కూర్చుంది.

"పట్నంల మంచిగ సీరియల్ చూసుకుంట ఉంటి. గీడికొచ్చి కోతులను కాయవడితి," అని గొణిగేది. అయినా కర్ర వదిలేది కాదు.

పక్కింట్లో ముత్తమ్మ ఉండేది. యాభై దగ్గర పడిన మనిషి, గట్టి చెయ్యి, గట్టి గొంతు. ఎల్‌బీ నగర్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో ఊడ్చి తుడిచే పని చేస్తుంది. తెల్లారగట్ల బస్సు రాగానే ఊళ్లో సగం మంది ఆడవాళ్లు ఆధార్ కార్డు చూపించి టికెట్ డబ్బులివ్వకుండా ఎక్కి పట్నం పోతారు. కొందరు ఇళ్లలో పనికి, కొందరు హాస్టళ్లలో వంటకు. బస్సు పోయాక ఊరు ఒక్కసారిగా ఖాళీ అయ్యేది. మధ్యాహ్నాలు మరీ కష్టం. ఎండ, నిశ్శబ్దం. శ్రీకళ వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగేది. చెట్టు కింద కూర్చునేది, మళ్లీ లేచేది. ఎక్కడ ఉన్నా కాళ్లు ఇంకెక్కడికో పోదామన్నట్టు ఉండేవి.

ఒక సాయంత్రం కిరాణా కొట్టు దగ్గర ముత్తమ్మ పాల ప్యాకెట్ కొనడం చూసి శ్రీకళ ఆగిపోయింది.

"అదేంది ముత్తమ్మక్కా, ఊర్ల ఇన్ని బర్లున్నయి గద?"

"ఉన్నయి మేడం. పాలన్ని సెంటర్ల పోస్తరు. బండొచ్చి పట్నం కొంటవోతది."

"మళ్ల మీరు ప్యాకెట్ కొంటరా?"

"ఛాయ్‌కి గీ పావు లీటర్ కోసం నేనొక బర్రెను సాకాల్నా?" అని ముత్తమ్మ పకపకా నవ్వింది. "కూరగాయలు గూడ చౌటుప్పల్ నుంచే ఒస్తయి. బియ్యం రేషన్‌వి. నల్లా నీళ్లు ఏడికెల్లి ఒస్తయో నాకెర్కలేదు, పైపుల ఒస్తయి. మా ఊర్ల మేం చేసుకునేది ఏమున్నది? కొట్లాట ఒక్కటే."

శ్రీకళ కూడా నవ్వింది గానీ ఇంటికొచ్చాక ఆ మాట లోపల మెలిపెట్టింది. ఊరంతా పట్నం వైపు చెయ్యి చాచి కూర్చుందని ఆమెకు అనిపించింది. తను మాత్రం అలా ఉండకూడదు. తనకు బావి ఉంది. ఆ రాత్రి పడుకునే ముందు బావిలోకి టార్చి వేసి, నీళ్లు చూసుకుని వచ్చింది.

మే మధ్యలో ఒక సాయంత్రం పడమట ఆకాశం ఇటుక రంగుకు తిరిగింది. చూస్తుండగానే గాలిదుమారం లేచింది. రేకులు ఎగిరిపోయాయి, వేపకొమ్మ విరిగి గోడ మీద పడింది. ఊరి బయట కరెంటు స్తంభాలు వరసగా ఒరిగిపోయాయి. దారి పొడుగునా తుమ్మ చెట్లు అడ్డం పడ్డాయి. వాన మాత్రం నాలుగు చినుకులు రాలి పోయింది. తెల్లారేసరికి కరెంటు లేదు, ఫోన్లలో సిగ్నల్ లేదు, బస్సు రాలేదు. మోటర్లు నడవక ట్యాంకు నిండలేదు, నల్లా రాలేదు. ప్రతి ఇంటికీ బోరు ఉంది, కానీ ఏ బోరూ కరెంటు లేకుండా చుక్క ఇవ్వదు. పాత బావులన్నిటినీ ఎప్పుడో చెత్త పోసి పూడ్చేశారు. చేత్తో తోడుకోగలిగిన బావి ఊరు మొత్తానికి అంతయ్య ఇంట్లోనే ఉంది.

మొదట ముత్తమ్మ వచ్చింది, బిందె చంకన పెట్టుకుని.

"మేడం, రెండు బిందెలు తోడుకుంట."

"రెండెందుకు, కావాల్సినన్ని తోడుకో అక్కా," అంది శ్రీకళ. అనగానే ఛాతీ నిండా గాలి పీల్చుకున్నట్టయింది. ఆ రోజంతా గేటు తెరిచే ఉంది. ఆడవాళ్లు, మగవాళ్లు, పిల్లలు బిందెలతో, బకెట్లతో వచ్చారు. గిరక కిర్రుమంటూనే ఉంది. అండాలమ్మ అరుగు మీద కూర్చుని ఎవరు ఎవరి కోడలో, ఎవరిది ఏ ఇంటిపేరో అడిగి తెలుసుకుంటోంది. శ్రీకళ తనే తాడు పట్టుకుని ముసలివాళ్లకు తోడి పోసింది. తను ఇస్తోంది. ఎవరినీ అడగడం లేదు. ఆమెకు చాలా కాలం తర్వాత ఆకలేసింది.

రెండో రోజు పక్క వాడల వాళ్లు కూడా వచ్చారు. బర్లకు నీళ్లు కావాలన్నారు. డ్రమ్ములు వచ్చాయి. మధ్యాహ్నానికి బొక్కెన అడుగు తగిలి ఠంగుమంది. పైకి వచ్చిన నీళ్లు మట్టి రంగులో ఉన్నాయి. శ్రీకళ లోపలికి వెళ్లింది, బయటికి వచ్చింది, ఒర మీద చెయ్యి వేసి వంగి చూసింది. అడుగున బురద మధ్య చిన్న మడుగు. ఎవరో ఇంకో బొక్కెన వేశారు. వద్దని చెప్పబోయి, చెప్పకుండానే లోపలికి పోయింది. సాయంత్రం అండాలమ్మ మాత్ర వేసుకోవడానికి నీళ్లడిగితే, సీసా ఎత్తి చూసి, సగం గ్లాసే పోసింది.

మూడో రోజు ఇంకా వెలుగు పూర్తిగా రాకముందే లేచి, గేటుకు గొలుసు చుట్టి తాళం వేసింది. వేసి తలుపు చాటున నిలబడింది. కొద్దిసేపటికి ముత్తమ్మ వచ్చింది. గేటు మీద చెయ్యి వేసింది. తాళం చూసింది. పిలవలేదు, తిట్టలేదు. బిందె చంక మార్చుకుని వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. దారిలో ఎదురొస్తున్న ఇద్దరితో ఏదో చెప్పింది. వాళ్లూ తిరిగి వెళ్లిపోయారు.

"ఎవలన్న ఒచ్చిన్రా?" అని లోపల నుంచి అండాలమ్మ అడిగింది.

"ఎవలు రాలే అత్తమ్మా."

ఆ పొద్దంతా గిరక మోగలేదు. శ్రీకళ నీళ్లు తోడుకుంది, బట్ట వేసి వడగట్టింది, కాచింది. కావాల్సినన్ని ఉన్నాయి. తాగబోయి గ్లాసు పక్కన పెట్టేసింది. పాదుల దగ్గరికి పోయింది, కలుపు తీయబోయి సొర తీగ తెంపేసింది. వాకిలి ఊడ్చింది, మళ్లీ ఊడ్చింది. చివరికి ఎండ నడినెత్తికి వచ్చే వేళకు తాళం తీసి, గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచి, చెట్టు కింద కూర్చుంది. ఎవరూ రాలేదు. రోడ్డు మీద పోతున్న ఒక పెద్దాయన గేటు వైపు చూశాడు, తల తిప్పుకుని పోయాడు.

ఇక కూర్చోలేకపోయింది. చెప్పులేసుకుని ముత్తమ్మ ఇంటికి వెళ్లింది.

ముత్తమ్మ వాకిట్లో ముగ్గురు ఆడవాళ్లతో కలిసి డ్రమ్ములోంచి నీళ్లు బిందెల్లోకి వంచుతోంది. గుట్ట అవతల రాళ్లు కొట్టి వదిలేసిన గుంత ఉందట. పొద్దున్నుంచీ ట్రాక్టర్ కట్టుకుని అక్కడి నుంచి తెచ్చుకుంటున్నారు. చీర కొంగును నాలుగు మడతలు వేసి వడగడుతున్నారు. శ్రీకళను చూసి మిగతా వాళ్లు మాట ఆపేశారు. ముత్తమ్మ మాత్రం లోపలికి పోయి, స్టీలు గ్లాసుతో తిరిగొచ్చింది.

"ఎండల పడి ఒచ్చినవ్. తాగు. కాచినయే."

శ్రీకళ ఆ గ్లాసు అందుకుంది. ఒక్క గుక్కలో తాగేసింది. నీళ్లలో రాతి వాసన, పొగ వాసన.

"అక్కా, గేటు తెరిచిన. రండి," అంది మెల్లగా.

"ఇయ్యాల ఒద్దు మేడం. బాయిని ఊరనియ్యి. నిన్ననే ఆపుడు ఉండె, మాకే సోయి లేకపాయె. బర్లకు గూడ తోడిన్రు చూడు, గది తప్పు." ముత్తమ్మ ఖాళీ గ్లాసు తీసుకుంది. తర్వాత, కోపం లేకుండా, నిజంగానే అర్థం కానట్టు అడిగింది: "కని తాళమెందుకు ఏసినవ్? నీళ్లు అయిపోయినయి, రాకున్రి అని ఒక్క మాట అంటే ఒస్తుమా?"

శ్రీకళ చెరువు పొంగిన సంగతి, అమల సంగతి, వంటింటి గుమ్మంలో నిలబడిన సంగతి చెప్పబోయింది. మొదలుపెట్టి మధ్యలో ఆపేసింది. ఎందుకంటే ఆ కథలో కూడా తలుపు తీసింది ఎదుటివాళ్లే.

"భయమయింది అక్కా," అంది.

"అయితది," అంది ముత్తమ్మ. "జర గా బిందె పట్టు, వంచాలె."

శ్రీకళ కుచ్చిళ్లు ఎగదోపి బిందె పట్టుకుంది.

సాయంత్రం దారిలో చెట్లు తీసేశారు. మొదట వచ్చిన బండి మహేందర్‌ది. ఫోన్ కలవక రెండు రోజులుగా మార్కెట్లో పిచ్చెక్కినట్టు తిరిగాడట. ట్రాలీ వెనక పెద్ద జనరేటర్ కట్టి లాక్కొచ్చాడు. చంపాపేటలో సతీష్ అనే దోస్తుకు టెంట్ హౌస్ ఉంది. పెళ్లిళ్లకు ఇచ్చే జనరేటర్ అది.

"అమ్మకు ఒక్క పంఖా తిరగనీకి గింత పెద్దది తెచ్చినవా?" అంది శ్రీకళ. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"వాని తాన గిదే ఉన్నది. నేనేం జెయ్యాలె? నువ్వు బతికే ఉన్నవో లేవో నాకెర్కలేదు!" అని అరిచాడు మహేందర్. అరిచి, తల్లి దగ్గరికి వెళ్లి నుదురు ముట్టి చూశాడు.

జనరేటర్ ఇంటి ముందు నిలవలేదు. ముత్తమ్మ, ఊరి వాళ్లూ వచ్చి చూశారు. మహేందర్ అడిగాడు, వాళ్లు అడిగారు, డీజిల్ ఎవరి ట్రాక్టర్‌లోంచో తీశారు. ట్యాంకు దగ్గరి బోరుకు వైర్లు కలిపారు. మోటర్ గుర్రుమనగానే ఆడవాళ్లు కేకలేశారు. చీకటి పడకముందే వీధి నల్లాల్లో నీళ్లొచ్చాయి. మహేందర్ చొక్కా అంతా గ్రీజు. తను పుట్టిన ఊరిని తిట్టినట్టే ఈ ఊరినీ తిడుతూ, వైరు పట్టుకున్న కుర్రాళ్ల మీద కేకలేస్తూ, ఎవరో ఇచ్చిన ఛాయ్ తాగుతూ తిరిగాడు.

మర్నాడు పొద్దున అండాలమ్మ మూట కట్టుకుని ట్రాలీలో ముందు సీటు ఎక్కి కూర్చుంది.

"నేను పోతా. నీళ్లు తోడుడు, కోతులు, గాలి, అన్ని చూసినంక గూడ ఉంటనంటే నాకు పిచ్చి. నాకు లిఫ్ట్ కావాలె, సీరియల్ కావాలె, కింద కూరగాయల బండి పిల్లగాడు నన్ను పేరు వెట్టి పిలవాలె. ఒస్తవా బిడ్డా?"

శ్రీకళ గేటు పట్టుకుని నిలబడింది. పోవాలని ఉంది. ఇప్పుడే, ఈ నిమిషమే ఎక్కి కూర్చోవాలని ఉంది. ఉండిపోవాలని కూడా అంతే గట్టిగా ఉంది.

"బాయిల పూడిక తియ్యాలంటున్నరు," అంది. "అడుగున మన్ను పేరుకున్నదట. ఊరోళ్లు ఒస్తమన్నరు. అదయినంక ఒస్త."

"అంతయ్యకు ఏం చెప్పాలె? కొంటమా, కొనమా?" అన్నాడు మహేందర్.

"ఇప్పుడు కొనమని చెప్పు. కిరాయికి ఉంటమని చెప్పు."

"ఎన్ని దినాలు?"

"నాకెర్కలేదు."

మహేందర్ ఆమె ముఖంలోకి చూశాడు. అరుస్తాడనుకుంది. అరవలేదు. "మార్కెట్ గీడికెల్లి దగ్గరనే," అన్నాడు తనలో తను లెక్కేసుకుంటున్నట్టు. "శనివారం ఒస్త." బండి కదిలింది.

పూడిక తీసే రోజు ఊళ్లోంచి చాలామందే వచ్చారు. తువ్వాళ్లు నడుముకు కట్టుకున్న ఇద్దరు బావిలోకి దిగారు, మిగతావాళ్లు పైన తాడు పట్టుకున్నారు. శ్రీకళ కూడా తాడు పట్టింది. ముందు బాగా పట్టుకోలేదని తిట్లు తింది, తర్వాత అలవాటైంది. తట్టలు తట్టలుగా నల్లటి మన్ను పైకొచ్చింది, దాన్ని చెలకలో పోశారు. అన్నం ఆమె ఒక్కతే వండితే ఏ పూటకో గానీ అయ్యేది కాదు. ముత్తమ్మ ఇంటి నుంచి రెండు గిన్నెలు అడిగి తెచ్చింది, ఇంకొకరి ఇంటి నుంచి పచ్చిమిరపకాయలు. గుమ్మంలో నిలబడి అడిగేటప్పుడు మొదట మాట తడబడింది. ఆ ఇంటావిడ మాట పూర్తికాకముందే మిరపకాయలు కొంగులో పోసింది.

జూన్‌లో సెంటర్‌లో కొత్త బ్యాచ్ మొదలైంది. శ్రీకళ ఇల్లు ఖాళీ చేయలేదు. తెల్లారగట్ల బస్సులో ఊరి ఆడవాళ్లతో పాటు ఎల్‌బీ నగర్ దిగుతుంది, అక్కడి నుంచి మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్. క్లాసులో గోదావరి గురించి చెబుతుంటే మనసు బెండ మొక్కల మీద ఉంటుంది. సాయంత్రం బెండ మొక్కల దగ్గర కూర్చుంటే, రేపు చెప్పాల్సిన పాఠం తిరుగుతుంటుంది. వారంలో రెండు రోజులు గడ్డిఅన్నారం ఫ్లాటులో ఉంటుంది. శనివారాలు మహేందర్ ఊరికి వస్తాడు. వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి బాగుచేస్తాడు, ఏదో ఒకటి తిడతాడు. అతను వచ్చాక గోడ మీద ముళ్లకంప పడింది. కోతులు మాత్రం పోలేదు.

ఎలా ఉంది అక్కడ, మంచి చోటేనా అని తోటి లెక్చరర్లు అడుగుతారు. నీళ్లున్నాయి అంటుంది, మనుషులున్నారు అంటుంది. ఆ తర్వాత ఆగిపోతుంది. తన సంగతి ఆమెకు ఇంకా తేలలేదు.

మొదటి వానలు పడ్డాక ఒక సాయంత్రం, తిరుగు బస్సులో ముత్తమ్మ పక్కన సీటు దొరికింది. ముత్తమ్మ చెప్పులు విప్పి, వాచిన పాదాలను ముందు సీటు ఇనుపకమ్మీకి ఆన్చుకుంది. హైవే దిగి బస్సు గుట్టల మధ్యకు మలుపు తిరిగింది. చినుకులకు తడిసి నేల ఎర్రగా, నిండుగా కనిపిస్తోంది. దూరంగా ఒక గుట్ట, దాని వెనక పచ్చటి చెట్ల గుబురు, పైకి లేస్తున్న పొయ్యి పొగ. శ్రీకళ కిటికీ అద్దం జరిపి తల బయటికి పెట్టి చూసింది.

"ముత్తమ్మక్కా, గా గుట్ట అవతల ఏ ఊరు?"

ముత్తమ్మ కళ్లు మూసుకునే ఉంది. "ఎందుకు?"

"ఊకెనే. ఆడ నీళ్లెట్లుంటయో అని."

ముత్తమ్మ ఒక కన్ను తెరిచి ఆమెను చూసింది. "కూసో నువ్వు. వాన లోపలికొస్తున్నది, అద్దం ఏసెయ్యి."

శ్రీకళ అద్దం వేసింది. వేసిన అద్దం లోంచే, ఆ గుట్ట కనుమరుగయ్యేదాకా మెడ తిప్పి చూస్తూ ఉండిపోయింది.